చిన్న కారుకి కొత్త రంగు పట్టాలంటే పాత రంగు పోవాలి

ప్రశ్న: అన్నా, మాది మచిలీపట్నం, బ్యాంకులో చేస్తున్నాను. హాట్ వీల్స్ అనే చిన్న బొమ్మ కార్లు కొని దాచుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న పిచ్చి. ఈమధ్య వాటికి సొంతంగా రంగులు మార్చేవాళ్ల వీడియోలు చూసి, ఒక ఎర్ర ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కి ముదురు నీలం వేద్దామని స్ప్రే డబ్బా తెచ్చి, సాయంత్రం డాబా మీద కొట్టాను. రంగు కారిపోయింది, డోర్ల గీతలు పూడుకుపోయాయి, తెల్లారేసరికి పైన పొగ పట్టినట్టు తెల్లటి మచ్చలు. తీసేద్దామని బండిని అలాగే నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచితే అద్దాలు మసకబారి పాడైపోయాయి. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చల్లే చిన్న గన్) కొంటే గానీ ఈ పని కాదా? ఏ కంపెనీ రంగు వాడాలి? పాత హాట్ వీల్స్‌కి ఉండే ఆ మెరుపు ఎలా తెస్తారు? మా నాన్న కారు నంబరు దానికి వేయాలని కూడా ఉంది. మా అక్క కొడుక్కి మూడేళ్లు, వాడికీ ఒకటి చేసిస్తానని మాటిచ్చాను.

జవాబు: తమ్ముడూ, ఎయిర్‌బ్రష్ కొనకు. కనీసం ఇప్పుడే వద్దు. నువ్వు రాసిన కష్టాల్లో ఒక్కటి కూడా ఎయిర్‌బ్రష్ లేక వచ్చింది కాదు. ఏ కంపెనీ రంగు అన్నదాంట్లో కూడా పెద్దగా ఏమీ లేదు. ఎర్ర రంగు మీదే నీలం కొట్టావు, అదీ ఎక్కువ కొట్టావు, సముద్రం పక్క ఊళ్లో సాయంత్రం పూట కొట్టావు, ఆ తర్వాత విప్పకుండా ముంచావు. అంతే జరిగింది. వీటిలో దేనికీ డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు, కాస్త ఓపిక పడితే చాలు.

ముందు ఒక చిన్న లెక్క చెప్తాను, అది బుర్రలోకి ఎక్కితే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. నీ చేతిలో ఉన్న బండి అసలు కారులో 64వ వంతు. (పేరుకి అలా అంటారు గానీ హాట్ వీల్స్ వాళ్లు ప్యాకెట్‌లో పట్టాలని బస్సునీ చిన్న కారునీ దాదాపు ఒకే పొడుగులో చేసేస్తారు, కాబట్టి అటూ ఇటూ అనుకో.) దాని మీద రంగు మిల్లీమీటరులో పదో వంతు మందం పడితే, అసలు కారు మీద 6.4 మిల్లీమీటర్ల మందాన లప్పం పెట్టినట్టు. అంత మందం పెడితే ఏ కారుకైనా డోరు గీత ఇంకా కనిపిస్తుందా? నీ బీటిల్‌కి జరిగింది అదే. పెద్ద కారుకి రంగు వేసే షెడ్డులో ఒక పొర ఎక్కువ పడినా అంతగా తెలియదు. ఇక్కడ మాత్రం ప్రతి పొరనీ పొదుపుగా వాడాలి. కంపెనీ వేసిన రంగు ఒక పొర, దాని మీద అచ్చేసిన గీతలూ అంకెలూ ఇంకో పొర, వాటిమీద నీ ప్రైమర్ (రంగు గట్టిగా పట్టుకోవడానికి కింద వేసే పూత), ఆపైన నీ రంగు, చివర వార్నిష్, ఇన్నిటికి ఆ గీతల్లో చోటు లేదు. అందుకే పాత రంగు పూర్తిగా తీసేయాలి.

తీసే ముందు ఏ బండి తీస్తున్నావో చూసుకో. 1980లలో, 90లలో మన దేశంలోనే లియో మాటెల్ పేరుతో హాట్ వీల్స్ తయారయ్యేవి, బయటి దేశాల్లో రాని రంగులు కొన్ని వాటిలో ఉండేవి, ఇప్పుడు విదేశాల్లో కూడా సేకరించేవాళ్లు వాటికోసం వెతుకుతారు. ఇంట్లో పాత డబ్బాలో దొరికిన బండి అడుగున లియో అని ఉంటే దాన్ని గీతలతో, పెచ్చులతో సహా అలాగే ఉంచెయ్. 1995 నుంచి తక్కువ సంఖ్యలో వస్తున్న ట్రెజర్ హంట్ బండ్లు కూడా అంతే, ఈమధ్య వాటిమీద ఎక్కడో ఒకచోట చిన్న మంట గుర్తు ఉంటుంది, ఒకసారి వెతికి చూడు. నేర్చుకోవడానికి షాపులో ఎవరూ ముట్టుకోని బండి చాలు. తలుపులు తెరుచుకునేవీ, మరీ ఎక్కువ ముక్కలున్నవీ వద్దు. పైన చదునుగా, పెద్దగా ఉండే వ్యాను బాడీ అయితే చెయ్యి తిరగడానికి సుఖం. బీటిల్ గుండ్రంగా ఉంటుంది కదా, రంగు కారడానికి అది భలే అనువైన బండి.

ఇక విప్పడం. కొత్తవాళ్లందరికీ టెన్షన్ పెట్టేది ఇదే, నిజానికి పది నిమిషాల పని. బండి తిరగేస్తే అడుగున ముందొకటి, వెనకొకటి గుండ్రటి రివెట్ తలలు కనిపిస్తాయి. బాడీకి ఉన్న చిన్న స్తంభాల కొసల్ని ఫ్యాక్టరీలో నొక్కి పరిచేస్తారు, అవే ఇవి. ఆ తల సరిగ్గా మధ్యలో సెంటర్ పంచ్‌తో, లేకపోతే గట్టి మేకుతో అయినా, ఒక చిన్న గుంట పెట్టు. ఈ గుంట పెట్టకుండా డ్రిల్ ఆనిస్తే బిట్టు జారి అడుగు మీద ఉన్న అక్షరాల్ని గీసేస్తుంది, ఒక్కోసారి వేలిని కూడా. 3 మిల్లీమీటర్ల బిట్టుతో మెల్లగా తిప్పు. రివెట్ తల ఒక చిన్న ఉంగరంలా ఊడి బిట్టుకి చుట్టుకుని పైకి వస్తుంది. అది రాగానే ఆపెయ్. ఇంకాస్త దింపుదామన్న ఆశ పడితే స్తంభం పోతుంది, స్తంభం పోతే మళ్లీ బిగించడానికి ఆధారం ఉండదు. కళ్లద్దాలు పెట్టుకో, జింకు పొట్టు కంట్లో పడితే చాలా ఇబ్బంది.

తర్వాత మళ్లీ బిగించడానికి రెండు దారులున్నాయి. పద్ధతిగా చేయాలంటే ఆ స్తంభంలో 1.6 మిల్లీమీటర్ల బెజ్జం చేసి, ఎం2 ట్యాప్ అనే పనిముట్టుతో మరలు కోసి, ఎం2 (అంటే 2 మిల్లీమీటర్ల) స్క్రూ పెట్టడం. ఆ సైజు స్క్రూలు ల్యాప్‌టాప్‌లు బాగుచేసే షాపులో అడిగితే దొరుకుతాయి. అదంతా ఇప్పుడెందుకనుకుంటే అరాల్డైట్ జిగురు చుక్క పెట్టు, మొదటి బండికి చాలు. ఫెవిక్విక్ మాత్రం వద్దు. దాని ఆవిరి లోపల ఇరుక్కుని, పారదర్శకంగా ఉన్న అద్దాల మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది, అంత కష్టపడి రంగు వేశాక అద్దాలు మళ్లీ మసకేస్తాయి.

అడుగు ఊడాక లోపలి సీట్లు, అద్దం ముక్క, ఇరుసులు అన్నీ వదులుగా ఉంటాయి. ఊడదీసే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకో, ఏది దేని కింద ఉందో మర్నాడు నీకు గుర్తుండదు. ప్లాస్టిక్ ముక్కలన్నీ ఒక డబ్బాలో వేసి మూత పెట్టెయ్. చేతిలో మిగిలిన ఉత్త లోహపు చిప్ప మాత్రమే మందులో మునగాలి. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ఉండే ఎసిటోన్ రంగుని ఎలా కరిగిస్తుందో నీ బండి ప్లాస్టిక్ అద్దాన్నీ అలాగే కరిగించింది.

రంగు తీయడానికి హార్డ్‌వేర్ షాపులో పెయింట్ రిమూవర్ అని అడుగు, చిక్కగా ఉంటుంది. పాత బ్రష్‌తో బాడీ అంతా పూసి, గాజు సీసాలోనో స్టీలు గిన్నెలోనో పెట్టి పది పదిహేను నిమిషాలు వదిలేస్తే రంగు ముడతలు పడి పైకి లేస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, కానీ మొహం దగ్గర పెట్టి చూడకు. ఈ రిమూవర్లలో చాలావాటిలో మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది, మూసిన గదుల్లో దీని ఆవిరి పీల్చి మనుషులు చచ్చిపోయారు, అమెరికాలో మామూలు జనానికి ఇలాంటి రిమూవర్లు అమ్మడాన్ని 2019లో నిషేధించారు కూడా. కాబట్టి డాబా మీద, గాలి నీ వెనక నుంచి వీచేలా నిలబడి చెయ్యి. పల్చటి గ్లవ్స్‌ని ఇది ఇట్టే దాటేస్తుంది, గ్లవ్స్ ఉన్నాయి కదా అని వేళ్లు ముంచకు, పాత పటకారుతో ఎత్తు. భయంగా ఉంటే షాపులో దొరికే ఎసిటోన్‌నే మూత ఉన్న గాజు సీసాలో పోసి రాత్రంతా ఉంచు. మెల్లగా పని చేస్తుంది, కొన్ని రంగులు దానికి లొంగవు, మంటకి మాత్రం దూరంగా పెట్టాలి. ఏది వాడినా తర్వాత పాత టూత్‌బ్రష్‌తో, గిన్నెలు తోమే సబ్బుతో మూలమూలలా రుద్ది కడుగు.

ఇక్కడ మన ఇళ్లలో వచ్చే రెండు ఐడియాల గురించి చెప్పాలి. కాస్టిక్ సోడా వేస్తే రంగు పోతుంది కదా అంటారు. పోతుంది, కానీ ఈ బాడీ ఇనుము కాదు, జమాక్ అనే మిశ్రమ లోహం, ఎక్కువ భాగం జింకు, కొంచెం అల్యూమినియం. రెండింటినీ కాస్టిక్ తినేస్తుంది. మర్చిపోయి వదిలేశావంటే బాడీ నల్లబడి, పైన గరుకు తేలుతుంది. ఇత్తడి చెంబుకి పనిచేసే చింతపండు కూడా ఇక్కడ పనికిరాదు, పులుపు జింకుని కొరికి మెరుపు తీసేస్తుంది.

కడిగి ఆరాక ఆ బూడిద రంగు లోహం మీద సన్నటి గీతలు ఉబ్బుగా కనిపిస్తాయి. అచ్చు రెండు సగాలు కలిసిన చోటు అది. 600 నంబరు వాటర్ పేపర్‌ని (తడిపి రుద్దే గరుకు కాగితం) తడిపి, చిన్న ముక్క చేసి, ఆ గీత మీద మాత్రం రుద్దు. రంగు వేశాక చూసుకుందాంలే అనుకుంటే రంగు దాన్ని దాచదు, ఇంకా బాగా చూపిస్తుంది. చక్రాల గూళ్ల మీదుగా పోయే గీత చాలామంది కంట పడదు, లైటు కింద వంచి చూస్తే తెలుస్తుంది. ఇది అయ్యాక మళ్లీ సబ్బుతో కడిగి, ఇక ఆ క్షణం నుంచి బాడీని వేళ్లతో ముట్టుకోకు. చేతి జిడ్డు ఉన్న చోట ప్రైమర్ పట్టదు. అయిపోయిన మార్కర్ పెన్ను కొసకి రెండు వైపులా అంటుకునే టేప్ చుట్టి, బాడీ లోపలి కప్పుకి అతికిస్తే అదే నీకు పిడి, అన్ని వైపులకీ తిప్పుతూ కొట్టొచ్చు. నేల మీద పేపరేసి దానిమీద బండి పెట్టి కొడితే కింది అంచులు ఎప్పటికీ సరిగ్గా కవరవ్వవు, వాటికోసం ఎక్కువ కొట్టి పైన కారబెడతావు.

ప్రైమర్ తప్పదు. ఉత్త జింకుని రంగు గట్టిగా పట్టుకోదు, గోరు తగిలితే అంచుల దగ్గర పెచ్చుగా లేస్తుంది. మీకు విజయవాడ దగ్గరే కదా, ఆటోనగర్‌లో కార్ల పెయింట్ అమ్మే షాపుల్లో ప్రైమర్ స్ప్రే డబ్బా అడుగు, హైదరాబాద్ వైపు వాళ్లయితే రాణిగంజ్‌లో చూసుకోవచ్చు. పైన పసుపో ఎరుపో వేయాలంటే తెల్ల ప్రైమర్, నీలం లాంటి ముదురు రంగులకి బూడిద రంగుది. పసుపు కింద బూడిద వేస్తే ఎన్ని పొరలు కొట్టినా మురికి పసుపే వస్తుంది, అప్పుడు పొరలు పెంచుతావు, గీతలు పూడుకుపోతాయి, మళ్లీ మొదటికే వస్తావు.

ఏ కంపెనీ అని అడిగావు. కంపెనీ ఏదైనా పర్లేదు, ప్రైమరూ రంగూ వార్నిషూ మూడూ ఒకే రకానివి, కుదిరితే ఒకే కంపెనీవి తీసుకో. రకాలంటే ముఖ్యంగా త్వరగా ఆరే లాక్కర్, మెల్లగా ఆరే ఎనామెల్. లాక్కర్ మీద ఎనామెల్ నిలుస్తుంది, ఎనామెల్ మీద లాక్కర్ కొడితే మాత్రం కింది రంగు ముడుచుకుని తోలులా అయిపోతుంది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఏ రకమో రాసి ఉంటుంది, చదివి కొను. అనుమానంగా ఉంటే పాత స్టీలు స్పూను వెనక్కి మూడు పొరలూ వేసి చూడు, బండి బాడీకి ఉన్న వంపే దానికీ ఉంటుంది కాబట్టి ఎలా వస్తుందో ముందే తెలిసిపోతుంది. స్టేషనరీ షాపులో దొరికే బట్టల మీద, కాన్వాస్ మీద వేసే ట్యూబు రంగులు ఈ పనికి రావు, ఈ సైజులో వాటి గరుకు సుద్ద పూసినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ తెల్లమచ్చల సంగతి. రంగులో ఉన్న ద్రావకం ఆవిరైపోతూ బాడీని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లటి తడి రంగు మీద నీటి ఆవిరి చేరి పొరలో ఇరుక్కుంటుంది, అదే నీకు పొగలా కనిపించింది. మచిలీపట్నంలో వానాకాలం సాయంత్రం ఈ పని చేస్తే ఇలా కాకపోతేనే వింత. పగలు 11 నుంచి 3 లోపు, ఎండ కాసిన రోజు, నీడలో కొట్టు. రోజు మొత్తంలో గాలి పొడిగా ఉండేది ఆ టైములోనే. ఎండలోనే పెట్టి కొట్టడం కూడా తప్పే, ముఖ్యంగా మే నెలలో, కాలిన బాడీ మీద రంగు పడీ పడకముందే ఆరిపోయి ఇసుక చల్లినట్టు గరుకుగా తయారవుతుంది. ముసురు పట్టిన రోజైతే ఆ డబ్బా బయటికే తీయకు. తెల్లమచ్చ పడ్డ బండిని వెంటనే చెరిపెయ్యక్కర్లేదు, పొడి రోజు చూసి దానిమీదే ఇంకో పల్చటి కోటు కొడితే చాలాసార్లు మచ్చ పోతుంది.

కొట్టే తీరు చెప్తాను, ఇది మాత్రం నిదానంగా చదువు. డబ్బాని లోపల గోళీ చప్పుడు వచ్చాక కూడా ఇంకో రెండు నిమిషాలు ఊపు. డబ్బా చల్లగా ఉంటే గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నిలబెట్టు, వేడినీళ్లలో కాదు, పొయ్యి దగ్గర అసలే కాదు. బాడీకి జానెడు దూరం, అంటే 20–25 సెంటీమీటర్లు. బండి పక్కన ఖాళీలో నొక్కడం మొదలెట్టి, బండి మీదుగా పోనిచ్చి, అవతలి ఖాళీలోకి వెళ్లాక వదులు. డబ్బా నొక్కిన మొదటి క్షణంలో, వదిలే క్షణంలో చుక్కలు ఉమ్ముతుంది, అవి బయటే పడాలి. మొదటి కోటు అయ్యాక బండి చూస్తే నీకు అసహ్యం వేయాలి, కింద ప్రైమర్ మచ్చలు మచ్చలుగా కనిపిస్తూనే ఉండాలి, అప్పుడే నువ్వు సరిగ్గా కొట్టినట్టు. అక్కడ ఆగలేక ఇంకో రెండుసార్లు నొక్కేస్తారు అందరూ, అంత చిన్న బండికి ఆ రెండు నొక్కులే ఎక్కువ. డబ్బా మీద రాసిన టైము ఆగి రెండో కోటు, మళ్లీ ఆగి మూడోది. మూడో కోటుకి రంగు మూసుకుని మెరుపు మొదలవుతుంది. నాలుగోది అవసరమైతేనే. అయ్యాక డబ్బా తలకిందులు చేసి ఉత్త గాలి వచ్చేదాకా నొక్కితే నాజిల్ మూసుకుపోదు. గుడ్డ మాస్కు రంగు ఆవిరిని ఆపదు, పెయింటర్లు పెట్టుకునే, రెండు వైపులా ఫిల్టరు డబ్బాలున్న మాస్కు ఒకటి కొను, ఎయిర్‌బ్రష్ మానుకున్న డబ్బులో అది ఎంత. కార్ల షెడ్డులో వాడే టూ-కే క్లియర్ (గట్టిపరిచే మందు కలిపి కొట్టే రంగులేని వార్నిష్) మెరుపు బాగుంటుందని ఎవరైనా చెప్తారు, నిజంగానే బాగుంటుంది, కానీ దానిలో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, ఇంట్లో కూర్చుని కొట్టేది కాదు.

కొట్టాక ఖాళీ స్వీట్ల డబ్బా ఒకటి, కింద కాస్త గాలి ఆడేలా ఎత్తు పెట్టి బోర్లించు, దుమ్ము, దోమలు పడవు. ఎప్పుడు ఆరిందో వేలితో చూడకు, ముక్కుతో చూడు. రంగు వాసన వస్తున్నంతసేపూ లోపల ఇంకా పచ్చిగానే ఉన్నట్టు. లాక్కర్ ఒకట్రెండు రోజుల్లో సద్దుకుంటుంది, ఎనామెల్ వారం కూడా తీసుకుంటుంది. కారిన చోటు ఉంటే తడిగా ఉన్నప్పుడు తుడవబోకు, పూర్తిగా ఆరనిచ్చి 1500 వాటర్ పేపర్‌తో ఆ బొట్టుని మాత్రం చదును చేసి పైన ఒక్క పల్చటి కోటు.

పాత బండ్ల మెరుపు గురించి అడిగావు చూడు, అది మంచి ప్రశ్న. 1968లో హాట్ వీల్స్ తయారుచేసే మాటెల్ కంపెనీ మొదటిసారి 16 బండ్లు వదిలినప్పుడు వాటికి స్పెక్ట్రాఫ్లేమ్ అనే రంగు వేశారు. ఆ రంగులో కిటుకంతా అడుగునే ఉంది. లోహాన్ని ముందు తళతళలాడేలా మెరుగుపెట్టి, దానిమీద అవతలికి కనిపించే పల్చటి రంగు లాక్కర్ కొట్టారు. వెలుతురు రంగులోంచి లోపలికి పోయి లోహాన్ని తాకి తిరిగొస్తుంది, నువ్వు చూస్తున్న మెరుపు లోహానిది. అంటే మందం తగ్గించడంలో అదే పరాకాష్ఠ, ప్రైమర్ కూడా లేదు. ఇంట్లో చేయాలంటే 600, 1000, 2000 వాటర్ పేపర్లు వరసగా రుద్ది, ఆపైన బ్రాసోతో మెరిపించి, జిడ్డంతా కడిగి, క్యాండీ అని అమ్మే పారదర్శక రంగు కొట్టాలి. ప్రైమర్ లేదు కాబట్టి త్వరగా పెచ్చులూడుతుంది, రుద్దడంలో వదిలేసిన ఒక్క గీత కూడా రంగు కింద నుంచి పలకరిస్తూ ఉంటుంది. నాలుగైదు మామూలు బండ్లు చేశాక దాని జోలికి వెళ్లు. చక్రాలు మార్చడం, రబ్బరు టైర్లు వేయడం కూడా అప్పుడే.

చిన్న పనులు బండికి ప్రాణం పోస్తాయి, ఖర్చు కూడా ఉండదు. హెడ్‌లైట్లకి అగ్గిపుల్ల చెక్కి దాని కొసతో వెండి రంగు, అది ఆరాక పైన ఒక చుక్క క్లియర్. వెనక లైట్లకి కింద వెండి, పైన పారదర్శకంగా ఉండే ఎర్ర నెయిల్ పాలిష్. మీ అక్క దగ్గర ఉంటుంది, అడిగి తీసుకో. నెయిల్ పాలిష్ కూడా ఒక రకం లాక్కరే కాబట్టి కింద లాక్కర్ ఉంటే దాన్ని కరిగించగలదు, ఒక్క చుక్క పెట్టి వదిలెయ్, మళ్లీ మళ్లీ రుద్దకు. డోర్ల గీతల్లోకి నీళ్లలో బాగా పలచన చేసిన నల్ల అక్రిలిక్, అందులో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి, సన్నటి బ్రష్ గీతకి ఆనిస్తే దానంతటదే పాకుతుంది, పైన మిగిలింది తడి ఇయర్ బడ్‌తో తుడిచెయ్. నువ్వు గీతలు పూడ్చకుండా వచ్చావో లేదో ఇక్కడ తేలిపోతుంది.

నంబరు ప్లేటుకి డెకాల్ షీట్లు (అచ్చేసి, తడిపి అతికించే పల్చటి స్టిక్కర్లు) వెతుక్కోకు. వాటితో ఒక తలనొప్పి ఉంది, మామూలు ప్రింటర్లు తెల్ల రంగు అచ్చేయలేవు, పారదర్శక షీటు మీద వేసి నీలం బండికి అతికిస్తే తెల్ల ప్లేటు నీలంగానే ఉంటుంది. మన సొంత పెట్రోలు, డీజిల్ కార్ల ప్లేటు ఎలాగూ తెలుపే, కాబట్టి పల్చటి ఫొటో పేపరే ప్లేటు. అసలు ప్లేటు 500 × 120 మిల్లీమీటర్లు, 64తో భాగిస్తే 7.8 × 1.9. అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, అది దాదాపు ఒక మిల్లీమీటరుకి దిగుతుంది. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) లేజర్ ప్రింటులో ఆ ఒక్క మిల్లీమీటరుకి 24 దాకా చుక్కలు పడతాయి, చదవడానికి వీలుగానే వస్తుంది. బీటిల్ వెనక అంత పొడుగు చోటు లేకపోతే రెండు వరుసల ప్లేటు చెయ్, అసలుది 340 × 200, నీకు 5.3 × 3.1 అవుతుంది. మీ నాన్నగారి కారు మీద ఏపీ 16 అని ఉన్నా, ఏపీ 39 అని ఉన్నా, అదే వేసుకో. కొత్త బ్లేడుతో గాజు పలక మీద పెట్టి కోసి, తెల్లటి కాగితం అంచులకి నల్ల పెన్ను ఆనించి, సూది మొన మీద పట్టేంత ఫెవికాల్‌తో అతికించు. వార్నిష్ కొట్టాకే ప్లేటు పెట్టు, ముందు పెడితే కాగితం పీల్చుకుని మచ్చ పడుతుంది.

మీ అక్క కొడుకు విషయంలో మాత్రం మాట మార్చు. మూడేళ్ల పిల్లాడు బండిని నోట్లో పెట్టుకుంటాడు, గోడకేసి కొడతాడు. బొమ్మల కంపెనీలు పిల్లలకి హాని చేయని రంగులని పరీక్షించి వాడతాయి, మనం కొట్టేవి కార్లకీ గేట్లకీ తయారు చేసిన రంగులు, పైగా నువ్వు రివెట్లు తీసేసి అరాల్డైట్‌తో అతికించిన బండి, ఊడితే చక్రాలూ ఇరుసులూ గొంతులోకి పోయే సైజు. వాడికి వాడి వయసుకి తగ్గ పెద్ద బండి ఒకటి కొనివ్వు. నీ నీలం బీటిల్ షోకేసులో వాడికి అందని అరలో ఉండనీ.

ఆ పాడైన బీటిల్ పారేయకు. అద్దం ముక్క మసకబారింది గానీ ఆకారం పోలేదని నీ ఉత్తరాన్ని బట్టి అనిపిస్తోంది, అలాగైతే దాన్ని 1000 వాటర్ పేపర్‌తో నునుపు చేసి మెరిసే నలుపు కొట్టు, నల్ల ఫిల్ము వేసిన అద్దాల్లా కనిపిస్తాయి. వంగిపోయి ఉంటే ఇలాంటి బీటిలే ఇంకో రంగుది దొరికినప్పుడు దాని అద్దం ఇందులో పెట్టుకో, ఒకే అచ్చుదైతే సరిగ్గా కూర్చుంటుంది. మీ దగ్గర ఇంకా వానలు తగ్గలేదంటే రంగు జోలికి వెళ్లకుండా ఈలోపు రివెట్లు తీసి, రంగు తీసి, గీతలు రుద్ది పెట్టుకో, వీటిలో కడగడం రుద్దడం ముసురు పట్టినా ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. రిమూవర్ పని మాత్రం వాన తెరిపిచ్చినప్పుడు బయటే.